రీలు ఫైలు చిన్నది కావాలి, టైమ్‌కోడ్ ఒక్క ఫ్రేము కూడా తప్పకూడదు: ఎక్స్‌పోర్ట్ ఎలా చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు మొదటిసారి ఒక సినిమాకు అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేస్తున్నారు. ఎడిట్ లాక్ అయింది, అంటే కట్‌లు ఖరారయ్యాయి. రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) కోసం సంగీత దర్శకుడికి, డబ్బింగ్ థియేటర్‌కు, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) వాళ్ళకు టైమ్‌కోడ్‌తో, అంటే ప్రతి ఫ్రేముకూ గంట:నిమిషం:సెకను:ఫ్రేము అని ఉండే నంబరుతో, రీళ్ళు (సుమారు ఇరవై నిమిషాల సినిమా భాగాలు) పంపే పని ఎడిటర్ గారు మీకు అప్పగించారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక్కో రీలు 8 జీబీ దాకా వస్తోంది. సైజు తగ్గించి మూడు రీళ్ళు పంపితే, "మొదట్లో బాగానే ఉంది కానీ చివరికి వచ్చేసరికి సింక్ జారుతోంది" అని స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. ఏ సెట్టింగులు పెట్టాలి, పంపిన మూడు రీళ్ళూ మళ్ళీ చేయాలా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెబుతాను. సంగీతానికి, డబ్బింగ్‌కు, దర్శకుడు ఇంట్లో చూసుకోవడానికి 1280×720 సైజులో, హెచ్.264 కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతి), బొమ్మకు సెకనుకు 2 నుంచి 3 మెగాబిట్లు, శబ్దానికి 320 కిలోబిట్లు ఇచ్చి, టైమ్‌లైన్ ఏ ఫ్రేమ్ రేటులో ఉందో సరిగ్గా అదే ఫ్రేమ్ రేటులో, రికార్డ్ టైమ్‌కోడ్‌ను (మీ టైమ్‌లైన్ నంబరును) బొమ్మ మీదే బర్న్ చేసి, అంటే ముద్రించి, పంపండి. ఇరవై నిమిషాల రీలు 350 నుంచి 500 ఎంబీ మధ్యలో వస్తుంది. ఫైలు చిన్నది చేయడమంటే బొమ్మ కొలతను, బిట్లను తగ్గించడమే తప్ప ఫ్రేములను ముట్టుకోవడం కాదు. 24 ఫ్రేముల లెక్కన ఇరవై నిమిషాల రీలులో 28,800 ఫ్రేములుంటాయి. మీరు పంపే చిన్న ఫైలులో కూడా అవి 28,800 గానే ఉండాలి, ఒక్కో ఫ్రేము మీద దాని సొంత నంబరే ఉండాలి. మిగిలినవన్నీ కొంత అటూ ఇటూ అయినా పని నడుస్తుంది.

ఇక కారణాల్లోకి వెళ్తాను, ఎందుకంటే సెట్టింగులు మాత్రమే రాసి ఇస్తే రేపు సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినప్పుడు మళ్ళీ ఇదే ఇబ్బంది వస్తుంది.

వీడియో ఫైలులో టైమ్‌కోడ్ రెండు చోట్ల ఉండవచ్చు. ఒకటి, ఫైలు లోపల కంటికి కనపడకుండా ఒక ట్రాకుగా ఉండేది. రెండోది, బొమ్మలో భాగంగా ముద్ర పడిపోయేది. లోపలి ట్రాకును ఎంఓవీ ఫైళ్ళు నమ్మకంగా మోస్తాయి, ఎంపీ4 విషయంలో అలా ధీమాగా చెప్పలేం. పైగా లోపలి టైమ్‌కోడ్‌ను చదివి చూపించాల్సింది అవతలి వాళ్ళ సాఫ్ట్‌వేర్ కాబట్టి, అక్కడి సెట్టింగు తప్పుగా ఉంటే నంబరు కూడా తప్పుగానే కనపడుతుంది. బర్న్ చేసిన నంబరు అలా కాదు. ఫైలును ఎవరు, ఎక్కడ, ఏ ప్లేయరులో తెరిచినా 01:07:12:05 అని రాసి ఉన్న ఫ్రేము మీ టైమ్‌లైన్‌లో 01:07:12:05 దగ్గర ఉన్న ఫ్రేమే. ఇద్దరి మధ్య తేడా వస్తే తేల్చి చెప్పే సాక్షి ఆ నంబరే. అందుకే పెద్ద ఫైలు పంపినా చిన్న ఫైలు పంపినా బర్న్ చేయకుండా నేను ఏ రీలునూ గది దాటనివ్వను.

ఆ సాక్ష్యం విలువ ఏమిటో నాకు కొన్నేళ్ళ క్రితం ఒక సినిమా రీరికార్డింగ్‌లో తెలిసింది. మొదటి రీలు చివర్లో ఒక తలుపు విసురుగా మూసుకునే షాట్ ఉంది. చెక్క చెక్కను తాకే ఫ్రేము మీద డ్రమ్ము దెబ్బ పడాలి. బొమ్మ మీద ఆ ఫ్రేము నంబరు 01:19:30:00. మ్యూజిక్ వాళ్ళు బొమ్మ మీది నంబర్లు చూసుకుంటూ క్యూ షీటు (ఏ శబ్దం ఏ నంబరు దగ్గర రావాలో చెప్పే జాబితా) రాసుకుని, ఆ నంబరునే తమ సెషన్‌లో (సౌండ్ సాఫ్ట్‌వేర్‌లోని ప్రాజెక్టులో) టైపు చేసి దెబ్బను అక్కడ పెట్టారు. ప్లే చేస్తే తలుపు మూసుకున్న సెకను పైన కొద్దిసేపటికి దెబ్బ వినపడుతోంది. ఎడిట్ మారిందేమోనని వాళ్ళు నన్ను అడిగారు, ఫైలు పాడైందేమోనని నేను రెండుసార్లు మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి పంపాను. ఒక రోజంతా అలాగే గడిచింది. చివరికి నేనే స్టూడియోకు వెళ్ళి, తలుపు తాకే ఫ్రేము దగ్గర ఆపి, బొమ్మ మీది నంబరునూ సెషన్ కౌంటరునూ పక్కపక్కన చూశాను. బొమ్మ మీద 01:19:30:00 ఉంది. కౌంటరులో 01:19:28:20 ఉంది. అంటే 28 ఫ్రేముల తేడా. మా టైమ్‌లైన్ 24 ఫ్రేములది. వాళ్ళ సెషన్ అంతకుముందు చేసిన పని తాలూకు సెట్టింగుతో 23.976లో తెరుచుకుంది. ఈ రెండు రేట్ల మధ్య తేడా వెయ్యిలో ఒక వంతు మాత్రమే. మొదటి నిమిషంలో అది ఒకటిన్నర ఫ్రేము కాబట్టి ఎవరి కంటికీ కనపడదు. ఐదో నిమిషానికి ఏడు ఫ్రేములవుతుంది, ఇరవయ్యో నిమిషానికి 1.2 సెకన్లకు చేరుతుంది. సెషన్ రేటు సరిచేయడానికి పట్టింది అర నిమిషం. అందులో నా తప్పు కూడా ఉంది. ఫైలు పేరులో గాని, లీడరు (బొమ్మకు ముందు వచ్చే కౌంట్‌డౌన్ భాగం) మీద గాని ఫ్రేమ్ రేటు ఎంతో నేను రాయలేదు. ఆ రోజు నుంచి రెండు చోట్లా రాస్తున్నాను.

మీ స్టూడియో చెప్పిన లక్షణం కూడా దాదాపు ఇదే కాబట్టి దీని గురించి ఇంకొంచెం చెబుతాను. సింక్ ఎలా తప్పుతోందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. మొదట్లో సరిగ్గా ఉండి, పోను పోను సమానంగా జారుతుంటే అది ఫ్రేమ్ రేటు తేడా. ఇరవై నిమిషాలకు 1.2 సెకన్లు జారితే 24కూ 23.976కూ మధ్య గొడవ. బొమ్మ మొత్తం వేగంగా నడిచి 48 సెకన్ల ముందే అయిపోతే 24 ఫ్రేముల ఫైలును ఎక్కడో 25గా చదువుతున్నారు. మొదటి నుంచి చివరి దాకా తేడా ఒకేలా ఉంటే అది ఫ్రేమ్ రేటు కాదు, రీలు మొదలయ్యే నంబరు తేడాగా పెట్టారు లేదా ఆడియో కొద్దిగా వెనక పడింది. ఒక చోట కలిసి, ఇంకో చోట తప్పి, మళ్ళీ కలుస్తుంటే ఆ ఫైలు దారిలో ఎక్కడో మారే ఫ్రేమ్ రేటుకు కుదించబడిందని అనుమానించాలి.

మన సినిమాలు సాధారణంగా 24లో నడుస్తాయి. టీవీ సీరియళ్ళు 25. అమెరికాలో తెలుగువాళ్ళు తీసే చిన్న సినిమాలు, ఇండిపెండెంట్ సినిమాలు చాలాసార్లు 23.976లో షూట్ అయి, పోస్ట్ ప్రొడక్షన్‌కు హైదరాబాద్ వస్తాయి. ఏ రేటయినా తప్పు కాదు. రష్‌లు (షూట్ చేసిన ఫైళ్ళు), టైమ్‌లైన్, ఎక్స్‌పోర్ట్, సౌండ్ సెషన్ నాలుగూ ఒకే రేటులో ఉండకపోవడమే తప్పు. టైమ్‌లైన్ 24లో ఉండి ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్ (ముందే అమర్చి ఉంచిన సెట్టింగులు) 23.976లో ఉంటే రీలు నిడివి మారదు కానీ సుమారు 42 సెకన్లకు ఒక ఫ్రేము మాయమవుతుంది. బొమ్మ మీది నంబర్లలో కూడా ఒకటి ఎగిరిపోతుంది. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే తప్ప ఇది తెలియదు. కాబట్టి ప్రీసెట్‌ను నమ్మకండి, ప్రతిసారీ ఆ ఒక్క గడిని మీ కళ్ళతో చూసి నిర్ధారించుకోండి.

ఇక సైజు లెక్క. బిట్‌రేటును రీలు నిడివి సెకన్లతో హెచ్చించి 8తో భాగిస్తే సైజు వస్తుంది. ఇరవై నిమిషాలంటే 1200 సెకన్లు. 3 మెగాబిట్లయితే 450 ఎంబీ, దానికి 320 కిలోబిట్ల ఆడియో 48 ఎంబీ కలిపితే 500 లోపు. 2 మెగాబిట్లయితే 350 లోపు. మీకు 8 జీబీ వస్తోందంటే సెకనుకు 50 మెగాబిట్ల పైన ఖర్చవుతోంది. బహుశా మీ సీక్వెన్సు 4కేలో ఉండి, ఎక్కువ బిట్‌రేటు ప్రీసెట్ ఎంచుకుని ఉంటారు. కొలతను 4కే నుంచి 720కి దించి బిట్‌రేటును అలాగే వదిలేస్తే ఫైలు చిన్నది కాదని చాలామందికి మొదట్లో తోచదు. సైజును నిర్ణయించేది బిట్‌రేటే. కొలత తగ్గించడం వల్ల ఆ కొద్ది బిట్లతోనే బొమ్మ శుభ్రంగా నిలుస్తుంది, అంతే.

వేరియబుల్ బిట్‌రేటు, రెండు పాసుల పద్ధతి పెట్టండి, అంటే ముందు ఒకసారి రీలంతా చదివి, రెండోసారి అవసరమున్న చోట బిట్లు ఎక్కువ ఇచ్చే పద్ధతి. తక్కువ బిట్‌రేటులో గ్రాఫిక్స్ కార్డు చేసే ఎన్‌కోడింగ్ కన్నా సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ బొమ్మను బాగా నిలబెడుతుంది. ఆలస్యమవుతుంది కానీ రాత్రి పెట్టి వెళ్తే పొద్దుటికి రీళ్ళన్నీ సిద్ధంగా ఉంటాయి. కీఫ్రేమ్ దూరాన్ని 24కు, అంటే సెకనుకు ఒకటి వచ్చేలా పెట్టండి, సంగీతానికైతే 12 ఇంకా మంచిది. ఇది చాలామంది వదిలేసే గడి. హెచ్.264లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కీఫ్రేము మాత్రమే పూర్తి బొమ్మ, మిగిలినవి దాని నుంచి, చుట్టుపక్కల ఫ్రేముల నుంచి లెక్కగట్టి తయారవుతాయి. కీఫ్రేములు దూరంగా ఉంటే ఫైలు ఇంకాస్త చిన్నదవుతుంది కానీ, సంగీత దర్శకుడు ఒక షాట్ మీద ముందుకూ వెనక్కూ జరుపుతున్నప్పుడు బొమ్మ తడబడుతుంది. ఆయన రోజుకు వందలసార్లు చేసే పని అదే.

డబ్బింగ్‌కు పంపేది మాత్రం 2 మెగాబిట్ల కన్నా తగ్గించకండి. దీనికి కారణం మన భాషలోనే ఉంది. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు రెండు పెదవులూ కలుస్తాయి. ఆ కలయిక తెర మీద కొద్ది ఫ్రేములే ఉంటుంది. "అమ్మ" అనే మాటలో పెదవులు మూసుకున్న ఆ కాసిని ఫ్రేములే డబ్బింగ్ ఇంజనీరుకు ఆధారం. మాట అక్కడ కూర్చుంటే మిగిలిన అక్షరాలు కొంత అటూ ఇటూ అయినా ప్రేక్షకుడికి తేడా తెలియదు. అక్కడ తప్పితే మాత్రం గొంతు ఎంత బాగున్నా అతికినట్టు ఉండదు. ఇతర భాషల నటుల చేత నటింపజేసి తెలుగులో చెప్పించే సందర్భాల్లో ఇది మరీ ముఖ్యం. బిట్లు చాలకపోతే ఎన్‌కోడరు ముందుగా బలి చేసేది ఇలాంటి చిన్న కదలికలనే. ముఖం నిశ్చలంగా ఉండే క్లోజప్‌లో పరవాలేదు. దుమ్ము లేచే ఫైటులో, వానలో, వందమంది కదిలే జాతర సీనులో బిట్లన్నీ దుమ్ముకూ వానకూ ఖర్చయిపోయి, మిడ్ షాట్‌లో మాట్లాడే నటుడి నోరు ముద్దలా కనపడుతుంది. ఒక ఫైటు ఉన్న రీలును నేను 1.2 మెగాబిట్లలో పంపితే డబ్బింగ్ ఇంజనీరు గారు ఫోన్ చేసి, "బాబూ, నోరు కనపడటం లేదు, ఊహించుకుని చెప్పించమంటావా?" అని అడిగారు. ఆ రీలుకు మాత్రం 4 మెగాబిట్లు ఇచ్చి మళ్ళీ పంపాను. అన్ని రీళ్ళకూ ఒకే అంకె పెట్టాలన్న నియమం ఏమీ లేదు.

సాఫ్ట్‌వేర్ వారీగా టైమ్‌కోడ్ ఎలా ముద్రించాలో చెబుతాను.

ప్రీమియర్‌లో మూడు దారులున్నాయి. ఎక్స్‌పోర్ట్ సెట్టింగులలో ఎఫెక్ట్స్ విభాగం కింద టైమ్‌కోడ్ ఓవర్‌లే ఉంటుంది, పక్కనే నేమ్ ఓవర్‌లే కూడా ఉంటుంది. టైమ్‌లైన్‌ను ఏమాత్రం ముట్టుకోకుండా పని జరుగుతుంది కాబట్టి మీకు నేను చెప్పేది ఇదే. రెండో దారి, రీలు మొత్తాన్ని నెస్ట్ చేసి (ఒకే క్లిప్పుగా చుట్టి) దాని మీద టైమ్‌కోడ్ ఎఫెక్ట్ వేయడం. మూడోది అడ్జస్ట్‌మెంట్ లేయరు (కింది క్లిప్పులన్నిటికీ ఎఫెక్టు వర్తించేలా పైన వేసే ఖాళీ పొర) మీద వేయడం. ఈ మూడోదానిలో జాగ్రత్త అవసరం. ఎఫెక్ట్ ఏ మూలం నుంచి నంబరు తీసుకుంటోందో చూడకపోతే అది సీక్వెన్సు టైమ్‌కోడ్‌ను కాక ఆ లేయరు సొంత లెక్కను చూపిస్తుంది. లేయరు అంచును కాస్త జరిపినా నంబర్లు మారిపోతాయి, చూడటానికి మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. ఏ దారిలో వెళ్ళినా ముందు టైమ్‌లైన్ ప్యానెల్ మెనూలో స్టార్ట్ టైమ్ సరిగ్గా పెట్టుకోండి. ఎక్స్‌పోర్ట్ ఎఫెక్ట్‌లలోనే టైమ్ ట్యూనర్ అని ఒకటుంది. అది నిడివిని మార్చడానికి పెట్టిన పనిముట్టు కాబట్టి దాని గడిలో టిక్కు లేకుండా చూసుకోండి.

డావిన్చీ రిజాల్వ్‌లో ఇది చాలా హాయిగా ఉంటుంది. వర్క్‌స్పేస్ మెనూలో డేటా బర్న్-ఇన్ తెరిచి రికార్డ్ టైమ్‌కోడ్, సోర్స్ టైమ్‌కోడ్ (కెమెరా ఫైలు సొంత నంబరు), క్లిప్ పేరు, మీ సొంత వాక్యం ఏది కావాలంటే అది టిక్కు పెట్టుకోవచ్చు. డెలివర్ పేజీలో క్వాలిటీ దగ్గర ఆటోమేటిక్ తీసేసి రెస్ట్రిక్ట్ టు ఎంచుకుని 3000 అని ఇవ్వండి. కీఫ్రేముల గడి కూడా అక్కడే ఉంది. ప్రాజెక్టులోకి క్లిప్పులు వచ్చాక ఆ ప్రాజెక్టు టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు మార్చడానికి రిజాల్వ్ సాధారణంగా ఒప్పుకోదు. మొదట్లో ఇది చిరాకు అనిపిస్తుంది కానీ మనల్ని కాపాడే గుణమే.

ఆవిడ్‌లో అన్నిటికన్నా పైన ఒక ఖాళీ వీడియో ట్రాకు వేసి, జనరేటర్ విభాగంలోని టైమ్‌కోడ్ బర్న్-ఇన్ ఎఫెక్టును దాని మీద వదిలితే చాలు. ఎడిట్ ఎన్నిసార్లు మారినా పై ట్రాకు అలాగే ఉంటుంది కాబట్టి నేను సినిమా మొదలైన రోజే ఆ ట్రాకు వేసి, అవసరం లేనప్పుడు మానిటర్ ఆపేస్తాను. ఫైనల్ కట్ ప్రోలో కూడా టైమ్‌కోడ్ జనరేటరు ఉంది. పెద్ద ఫైలు ఒకటి తీసి ఆ తర్వాత చిన్నవి చేసుకునేవాళ్ళకు షటర్ ఎన్‌కోడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది. అందులోనే టైమ్‌కోడ్, పేరు ముద్రించుకోవచ్చు.

నంబరు ఎక్కడ వేయాలన్నది చిన్న విషయంలా కనపడుతుంది కానీ అవతల కూర్చుని పది రోజులు ఆ బొమ్మనే చూసేవాళ్ళకు అది పెద్ద విషయం. మీ సినిమా 2.39 స్కోప్ నిష్పత్తిలో ఉంటే 1280×720లో అసలు బొమ్మ ఎత్తు 536 పిక్సెళ్ళే. పైనా కిందా 92 పిక్సెళ్ళ చొప్పున నల్లటి పట్టీలుంటాయి. నంబర్లన్నీ ఆ పట్టీల్లో పెట్టండి, బొమ్మ మీదకు ఒక్క అంకె కూడా రానివ్వకండి. నేను కింది పట్టీ మధ్యలో రికార్డ్ టైమ్‌కోడ్, పై పట్టీలో ఎడమవైపు సినిమా పేరు, రీలు, వెర్షన్, కుడివైపు తేదీ, ఫ్రేమ్ రేటు పెడతాను. 1.85 నిష్పత్తి అయితే పట్టీలు 14 పిక్సెళ్ళే మిగులుతాయి, అందులో అంకె పట్టదు. అప్పుడు నంబరును బొమ్మ పైఅంచు దగ్గర పెట్టండి, కింద పెడితే క్లోజప్‌లలో గడ్డానికీ నోటికీ అడ్డం వస్తుంది. అంకెలు తెలుపు, వెనక పెట్టె నలుపు. ఎరుపు, నీలం అంకెలు మన మానిటరు మీద ముచ్చటగా ఉంటాయి కానీ, ఈ చిన్న ఫైళ్ళలో రంగు సమాచారం అడ్డంగా, నిలువుగా సగం సగమే నిల్వ అవుతుంది కాబట్టి రంగు అంకెల అంచులు అలికినట్టవుతాయి. 3, 8, 6 ఒకదానిలా ఒకటి కనపడతాయి. 4కే టైమ్‌లైన్ మీద చక్కగా కనపడిన అంకె 720కి దిగాక మూడో వంతు అవుతుందని కూడా గుర్తుంచుకుని ముందే పెద్దదిగా పెట్టండి.

సంగీతానికి, డబ్బింగ్‌కు, ఎఫెక్ట్స్‌కు రికార్డ్ టైమ్‌కోడ్ ఒక్కటే చాలు. రెండో నంబరు కనపడితే హడావిడిలో దాన్ని చదివేవాళ్ళు ఉంటారు. సీజీ వాళ్ళకు మాత్రం దానితోపాటు కెమెరా ఫైలు పేరు, సోర్స్ టైమ్‌కోడ్ కూడా కావాలి, ఎందుకంటే వాళ్ళు ఒరిజినల్ ప్లేటును (గ్రాఫిక్స్ చేర్చాల్సిన అసలు షాట్‌ను) వెతికి పట్టుకోవాలి. డీఐకి (రంగులు సరిదిద్దే దశకు) ఇచ్చే రిఫరెన్సుకు కూడా ఇదే పద్ధతి.

రీలు మొదలు గురించి. మొదటి రీలులో బొమ్మ 01:00:00:00 దగ్గర, రెండోది 02:00:00:00 దగ్గర, ఇలా రీలు నంబరే గంట నంబరుగా మొదలవ్వాలి. అలా చేస్తే 05తో మొదలయ్యే ఏ నంబరు విన్నా ఐదో రీలని అందరికీ తెలుస్తుంది. బొమ్మకు ముందు ఎనిమిది సెకన్ల లీడరు పెడితే సీక్వెన్సు 00:59:52:00 దగ్గర మొదలవుతుంది. 00:59:58:00 దగ్గర, అంటే బొమ్మకు సరిగ్గా రెండు సెకన్ల ముందు, ఒకే ఒక్క ఫ్రేము బీప్ రావాలి, ఆ ఫ్రేములోనే తెర మీద 2 అంకె కనపడాలి. ఆఖరి ఫ్రేము తర్వాత రెండు సెకన్లకు మరో బీప్ పెట్టండి. చాలామంది ముందు బీప్ పెట్టి వెనకది మర్చిపోతారు. జారుడును పట్టించేది వెనక బీపే. ముందు బీప్ కలిసి వెనక బీప్ కలవకపోతే వివాదం అక్కర్లేదు, రేటు తేడా అని అక్కడే తేలిపోతుంది. ఫిల్ము రోజుల్లో 2000 అడుగుల రీలు 22 నిమిషాలు నడిచేది. ఫిల్ము పోయినా ఇరవై నిమిషాల రీలు పద్ధతి అలాగే నిలిచింది, నిలవడం మంచిదే. ఒక చోట మార్పు వస్తే ఆ రీలు ఒక్కటే మళ్ళీ పంపితే సరిపోతుంది. పాట మధ్యలోనో, నేపథ్య సంగీతం సాగుతున్న చోటో మాత్రం రీలు తెంచకండి.

ఆడియోలో నాకు ఎంతో పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. ఎడమ చానెల్‌లో డైలాగు, కుడి చానెల్‌లో రిఫరెన్సు మ్యూజిక్ పెట్టండి. ఎడిటింగులో మనం తాత్కాలికంగా వేసుకున్న సంగీతం దర్శకుడికి అలవాటైపోయి ఉంటుంది. సంగీత దర్శకుడు దాన్ని ఒకసారి విని, ఆ తర్వాత కుడి చానెల్ మూసేసి, మాటలు మాత్రమే వింటూ తన సంగీతం చేసుకోగలగాలి. రెండూ కలిపి పంపితే ఆయనకు ఆ అవకాశమే ఉండదు. బిట్‌రేటు 320 ఇవ్వమన్నది ఇందుకే, బాగా తగ్గిస్తే ఒక చానెల్‌లోది రెండో దానిలోకి లీకవుతుంది. మరో విషయం, ఏఏసీ (ఈ చిన్న ఫైళ్ళలో ఆడియోను కుదించే పద్ధతి) ఎన్‌కోడింగ్‌లో ఆడియో మొదట్లో సాధారణంగా 2112 శాంపిళ్ళ ఖాళీ చేరుతుంది. 48 కిలోహెర్ట్‌జ్‌లో అది 44 మిల్లీసెకన్లు, అంటే ఒక ఫ్రేము కన్నా కాస్త ఎక్కువ. చాలా ప్లేయర్లు దాన్ని సరిదిద్దుకుంటాయి, కొన్ని సరిదిద్దుకోవు. బీప్ ఒక ఫ్రేము ఆలస్యంగా వినపడుతోందని ఎవరైనా అంటే మీ టైమ్‌లైన్‌ను అనుమానించే ముందు దీన్ని అనుమానించండి. అందుకే రీరికార్డింగ్‌కు, డబ్బింగ్‌కు ఆడియోను విడిగా వేవ్ ఫైలుగా కూడా ఇవ్వడం మేలు, 16 బిట్ స్టీరియో అయితే రీలుకు 230 ఎంబీ మాత్రమే.

చిన్న ఫైలు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. ఫోలీకి (అడుగుల చప్పుడు లాంటివి బొమ్మ చూస్తూ రికార్డు చేసే పనికి), సౌండ్ డిజైన్‌కు, ఫైనల్ మిక్సుకు హెచ్.264 బదులు ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండే డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ 36 గాని, ప్రోరెస్ ప్రాక్సీ గాని ఎంఓవీలో ఇవ్వండి. 1080లో 24 ఫ్రేములకు రెండూ సెకనుకు సుమారు 36 మెగాబిట్లు, ఇరవై నిమిషాల రీలు 5.4 జీబీ అవుతుంది. అడుగు నేలను తాకే ఫ్రేమును వెతుక్కునే ఫోలీ ఆర్టిస్టుకు ఆ 5 జీబీ వృథా కాదు. నెట్‌లో పంపడం కష్టమైతే హార్డ్ డిస్కులో పంపండి.

పంపే దారి కూడా ఫైలును పాడుచేయగలదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ కుదించబడుతుంది, మీరు పెట్టిన బిట్‌రేటూ కీఫ్రేములూ ఏవీ మిగలవు. డాక్యుమెంటుగా పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. డ్రైవ్ లింకు ఇస్తే, బ్రౌజరులో చూడకుండా డౌన్‌లోడ్ చేసుకుని వాడమని ఒక వాక్యం తప్పకుండా రాయండి.

లీకు భయం గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 2013 సెప్టెంబరులో ఒక పెద్ద తెలుగు సినిమాలో చాలా భాగం విడుదలకు కొద్ది రోజుల ముందే నెట్‌లోకి వచ్చేసింది. అప్పటి నుంచి మన పరిశ్రమలో ఈ విషయంలో జాగ్రత్త పెరిగింది. ఏ కాపీ ఎవరికి వెళ్తోందో ఆ పేరును బొమ్మ మధ్యలో పల్చగా, నోళ్ళకు అడ్డం రాకుండా వేయండి. ఒకే ఫైలును నలుగురికి పంపకండి, నలుగురికీ నాలుగు ఫైళ్ళు చేయండి. ఫైలు చిన్నదైన కొద్దీ చేతులు మారడం సులువవుతుంది.

పంపే ముందు నేను చేసే పరీక్ష ఇది. వచ్చిన చిన్న ఫైలును తిరిగి అదే ప్రాజెక్టులోకి తెచ్చి, అసలు రీలు పైన ఒక ట్రాకులో పెట్టి, బ్లెండ్ మోడ్‌ను డిఫరెన్స్‌కు (రెండు బొమ్మల తేడాను మాత్రమే చూపించేదానికి) మారుస్తాను. రెండు బొమ్మలూ ఒకటే అయితే తెర దాదాపు నల్లగా ఉండి, నంబర్లు మాత్రమే కనపడతాయి. కుదింపు వల్ల అంచుల దగ్గర సన్నని మసక ఉంటుంది, అది పరవాలేదు. ఎక్కడైనా ఒక్క ఫ్రేము జరిగినా మనుషుల ఆకారాలు వెలుగు గీతలతో తేలి వస్తాయి. మొదటి కట్ దగ్గర, రీలు మధ్యలో ఒక కట్ దగ్గర, ఆఖరి కట్ దగ్గర ఆపి చూస్తాను. తర్వాత అదే మూడు చోట్ల బొమ్మ మీది నంబరునూ టైమ్‌లైన్ నంబరునూ కలిపి చదువుతాను. రీలుకు ఐదు నిమిషాలు పడుతుంది.

లాక్ అయిన తర్వాత కూడా మార్పులు వస్తాయని సిద్ధపడి ఉండండి. వచ్చినప్పుడు కొత్త ఫైలు ఒక్కటే పంపితే అవతలి వాళ్ళు ఎక్కడ ఏం మారిందో వెతుక్కోవాలి. ఫైలుతోపాటు ఇలా రాసి పంపండి: "రీలు 1, వెర్షన్ 8. 01:07:12:05 నుంచి 01:07:15:17 ముందు వరకు తీసేశాం, 84 ఫ్రేములు. ఆ తర్వాతదంతా 84 ఫ్రేములు ముందుకు వచ్చింది." ఈ రెండు వాక్యాలతో వాళ్ళ అరపూట పని మిగులుతుంది. ఫైలు పేరులో రీలు, వెర్షన్, తేదీ, ఫ్రేమ్ రేటు ఉండాలి. "ఫైనల్", "కొత్త ఫైనల్" అనే మాటలు పేరులో వద్దు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఇప్పటికే పంపిన మూడు రీళ్ళ సంగతి. వెంటనే మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయకండి. ముందు స్టూడియోకు ఫోన్ చేసి, వాళ్ళ సెషన్ ఫ్రేమ్ రేటు ఎంతో అడగండి. తర్వాత బొమ్మ మొదటి ఫ్రేము దగ్గర ఆపి బొమ్మ మీది నంబరు, సెషన్ కౌంటరు రెండూ చదవమనండి, ఆఖరి ఫ్రేము దగ్గర కూడా అలాగే చదవమనండి. మీరు టైమ్‌లైన్‌లో ఆ రెండు ఫ్రేములనూ తెరిచి పెట్టుకుని వినండి. బొమ్మ మీది నంబర్లు మీ టైమ్‌లైన్‌తో కలిసి, వాళ్ళ కౌంటరు ఒక్కటే చివర్లో తేడా వస్తుంటే మీ ఫైళ్ళలో దోషం లేదు, సెషన్ రేటు మార్చుకుంటే మూడు రీళ్ళూ అలాగే పనికొస్తాయి. కానీ అప్పటికే వాళ్ళు నంబర్లు టైపు చేసి పెట్టుకున్న క్యూలు ఉంటే, రేటు మార్చాక అవి ఎక్కడ కూర్చున్నాయో ఒకసారి సరిచూసుకోమని చెప్పండి. బొమ్మ మీది నంబరే మీ టైమ్‌లైన్‌తో కలవకపోతే, లేదా ఫ్రేము ఫ్రేముగా ఒక నిమిషం పాటు జరిపినప్పుడు మధ్యలో ఏదైనా నంబరు ఎగిరిపోయి కనపడితే, ఎక్స్‌పోర్ట్ తప్పింది. అప్పుడు మూడింటినీ సరైన రేటులో మళ్ళీ చేసి, వెర్షన్ నంబరు ఒకటి పెంచి, పాత ఫైళ్ళను తీసేయమని రాతపూర్వకంగా చెప్పి పంపండి.